టీవీ తాళం ఎవరి జేబులో ఉండేది?

మొన్న జనగామలో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాను. వ్రతం అయిపోయింది. విస్తళ్ళు వేయడానికి ఇంకా కాస్త వేళుంది. హాల్లో మగవాళ్ళంతా కుర్చీలు దగ్గరికి లాక్కుని కబుర్లలో పడ్డారు. అలాంటి చోట రిటైరైన పెద్దమనిషి ఒకాయన తప్పకుండా ఉంటారు గదా! ఈయన నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవారు. గోడకు తగిలించిన కొత్త టీవీ వైపు చెయ్యి చూపించి, "దీంతోనేనండీ మన ఆడవాళ్ళు చెడిపోయింది! ఇది రాకముందు సంసారాలు ఎంత చక్కగా ఉండేవి!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. పొద్దుట్నుంచీ చేతిలో ఫోను మీదినుంచి చూపు మళ్ళించని ఆయన సుపుత్రుడు కూడా తలెత్తకుండానే ఊపాడు.

నేను జవాబు చెప్పలేదు. అప్పుడు నా చేతిలో పప్పు గిన్నె ఉంది. పప్పు గిన్నె పట్టుకుని వాదం పెట్టుకున్న ఆడది ఎక్కడా గెలిచినట్టు నేను వినలేదు. ఇప్పుడు గిన్నె దించాను కనుక చెబుతాను.

అసలు ఈ "చెడిపోవడం" అనే నేరారోపణకు వయసు తక్కువేం కాదు. వీరేశలింగంగారి కాలంలో, ఆడపిల్లకు అక్షరాలొస్తే చాటుగా ఉత్తరాలు రాస్తుందని బెంగపెట్టుకున్నారు. ఆ తర్వాత సినిమాలు చెడగొడుతున్నాయన్నారు. మా అమ్మ కాలానికి వచ్చేసరికి, యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు చదివి ఆడపిల్లలు పొడుగాటి కార్లున్న హీరోల కోసం ఎదురుచూస్తున్నారని గగ్గోలు. ఇప్పుడు టీవీ వంతు. సాక్ష్యానికి తెచ్చే వస్తువు మారుతుందేగాని ముద్దాయి మాత్రం మారదు!

సరే, ముద్దాయి తరఫున నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఈ పెట్టెను ఎవరు తెచ్చారు? ఏ వేళకు, ఏ భాషలో, ఏం చూపించాలని ఎవరు తేల్చారు? ఇందులో ఏ ఒక్కటైనా ఆడదాన్ని అడిగి చేశారా?

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. 1986లో నాయన హైదరాబాదు నుంచి ఈసీ టీవీ తెచ్చాడు. అక్కడి ఈసీఐఎల్‌లో తయారైన బ్లాక్ అండ్ వైట్ సెట్టు. చెక్క పెట్టె, ముందు రెండు పక్కలకీ జరిగే చెక్క తలుపులు, ఆ తలుపులకో తాళం. అప్పటికి నాకు ఆరేళ్ళు. డాబా మీద ఇనుప పైపు పాతి దాని కొసన యాంటెన్నా కట్టారు. జనగామకు హైదరాబాదు ఎనభై అయిదు కిలోమీటర్ల పైచిలుకు. గాలి అనుకూలిస్తే బొమ్మ, లేకపోతే తెరనిండా చీమలు. పైపు తిప్పే ఉద్యోగం మా అన్నయ్యది. "వచ్చిందా?" అని పైనుంచి అరుపు. "రాలే!" అని కిందినుంచి మా అరుపు. "ఇప్పుడో?" "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" మీ ఇళ్ళలోనూ ఇంతే కాబోలు.

ఇంట్లో బియ్యం గోలెం మొదలు బీరువా దాకా అన్ని తాళాలూ అమ్మ కొంగున ఉండేవి. ఒక్క టీవీ తాళం మాత్రం నాయన అంగీ జేబులో ఉండేది. ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తలుపులు తెరిస్తేనే టీవీ. పగలంతా దానిమీద అమ్మ అల్లిన దారాల గుడ్డా, ఆ గుడ్డమీద ఒక ప్లాస్టిక్ పూలకుండీ ఉండేవి. దుమ్ము తుడిచే అధికారం అమ్మది, తెరిచే అధికారం నాయనది.

1987 జనవరిలో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున మా గడప ముందు చెప్పులు గుట్ట. ముందు వరసలో పిల్లలం, వెనక మగవాళ్ళు, ఆ వెనక వాకిలి దాకా వీధి వీధంతా. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూసేది. చూసేదంటే, ఇద్దరి తలల మధ్య దొరికినంత సందులోంచి. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు, పెద్దవాళ్ళకు చాయ. మధ్యలో పొయ్యిమీద పాలు. అయిపోయాక పల్లీపొట్టు ఊడ్చేది ఆమే. ఏడాదిన్నర పాటు రామాయణమంతా ఆమె అలాగే చూసింది. సీతమ్మను ఎప్పుడూ సగమే చూసింది. ఈమెనండీ, టీవీ చెడగొట్టింది!

ఇది మా ఒక్క ఇంటి ముచ్చటైతే ఇంత రాసేదాన్ని కాదు. ఈ తాళం కథ మా ఇంట్లో మొదలుకాలేదు.

హైదరాబాదుకు ముందు వచ్చింది రేడియో. కోఠీలో రెసిడెంటు దొర కొలువున్న కాలంలో, 1935లో, నిజాం ప్రభుత్వం అక్కడి రేడియోను తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియో అన్నారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, రేడియోలో పెద్దపీట ఉర్దూకి. తెలుగుకీ మరాఠీకీ కన్నడానికీ కాస్త కాస్త వేళ విదిల్చారు. 1950లో అది ఆకాశవాణి అయింది. హైదరాబాదు ఒక్కటే ఇలా చేసిందనుకోకండి. హాంకాంగ్‌లో 1957లో, బ్రిటిష్ వలసల్లో మొట్టమొదటిదంటూ ఒక టీవీ స్టేషను పెట్టారు. ఇంటింటికీ తీగలు లాగి, చందా కట్టినవాళ్ళకే చూపించారు. ఊరినిండా చైనావాళ్ళే ఉన్నా, పూర్తిగా చైనా భాషలో ఒక ఛానెలు రావడానికి 1963 దాకా ఆగవలసి వచ్చింది. ఎక్కడైనా పెట్టె ముందు ఏలేవాడి భాషలోనే మాట్లాడుతుందన్నమాట!

మన దేశంలో టీవీ పుట్టింది ఢిల్లీలో, 1959 సెప్టెంబరు 15న. బొంబాయికి 1972లో, కలకత్తాకీ మద్రాసుకీ 1975లో వచ్చింది. మన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని 1977 అక్టోబరు 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు ప్రారంభించారు. ఈ తేదీలన్నీ మన పిల్లలు పోటీపరీక్షలకు బట్టీపడుతూనే ఉన్నారు. ఇంకొక తేదీ మాత్రం చాలామంది గమనించరు. తెరమీద మొదటి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌గారు ఆ కుర్చీలో కూర్చున్నది 1983 నవంబరు 14న. అంటే తెలుగువాళ్ళ రాజధానిలో టీవీ కేంద్రం తెరిచిన ఆరేళ్ళకు!

హైదరాబాదు కేంద్రం కంటే ముందు ఇంకో ముచ్చట జరిగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావాళ్ళ ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. అందులో మన రాష్ట్రం ఒకటి. కోళ్ళగూటికి వాడే జాలీ లాంటి తీగతో పదడుగుల గొడుగులు చేసి ఊళ్ళలో నిలబెట్టారు. నిజంగా గొప్ప పనే, కాదనను. పల్లెల కోసం ఇంత పెద్ద ప్రయోగం ప్రపంచంలో అంతకుముందు జరగలేదు. దాని ఉద్దేశాల జాబితాలో ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల చదువు, వ్యవసాయం ఉన్నాయి. చూశారా, అన్నీ ఆడవాళ్ళ నెత్తిన ఉన్న పనులే! మరి ఆ సెట్లు ఎక్కడ పెట్టారయ్యా అంటే పంచాయతీ ఆఫీసులో, బడిలో, నలుగురూ చేరే చోట. రాత్రిపూట ఊరిపెద్దలు బీడీలు కాల్చుకుంటూ కూర్చున్న చోటికి కొత్తకోడలు పోయి పిల్లల విరేచనాల గురించి పాఠం వింటుందా? "ఏమే, ఎక్కడికి?" అని అత్తగారు అడగరూ!

వ్యవసాయ కార్యక్రమం సంగతీ అంతే. అది వచ్చేది సాయంత్రం పూట. బర్రె పాలు పిండేదీ, పొయ్యి రాజేసేదీ, పొలంనుంచి వచ్చినవాళ్ళకు వేడినీళ్ళు పెట్టేదీ కూడా ఆ పూటే. నాట్లు వేసేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? మానుకోట వైపు వెళ్ళి చూడండి. కాగితాల్లో మహబూబాబాద్, మా నోళ్ళకు మానుకోట. మిరపకాయ ఏరే రోజుల్లో చేలనిండా ఆడవాళ్ళే. మంటలెత్తే ఆ చేతులతోనే పసిపిల్లను ఎత్తుకోవాలి. కాని టీవీలో ఆయన ఎప్పుడు నోరు విప్పినా "రైతు సోదరులారా!" అనే అనేవాడు. రైతు సోదరుడు అరుగుమీద కూర్చుని విన్నాడు. రైతు సోదరి లోపల అన్నం వార్చింది. మందు ఎంత కలపాలో వినలేదు గనక తెలియదు. తెలియదు గనక "ఆడదానికేం తెలుసు" అని ఒక మాట!

మానుకోటలో మా పిన్నమ్మ ఇంటికి టీవీ వచ్చేసరికి తంతు ఇంకో రకంగా మారింది. 1982 ఆగస్టు 15న ఢిల్లీనుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది, హిందీలోనూ ఇంగ్లీషులోనూ. 1984లో నాలుగు నెలలపాటు రోజుకొకటి లెక్కన దేశమంతటా రిలే కేంద్రాలు తెరుచుకుంటూ పోయారు. ఆ చిన్న కేంద్రాలు సొంతంగా ఏమీ తయారుచేయవు. పైనుంచి వచ్చింది వచ్చినట్టు పంచిపెడతాయి. పిన్నమ్మ అత్తగారు మంచం మీదినుంచి లేచి వచ్చి, తెరముందు అరగంట కూర్చుని, "గా పిల్ల ఏం జెప్తుందో నాకైతే సమజైతలేదు బిడ్డా. అందంగనైతే ఉన్నది" అని వెళ్ళి పడుకునేది. ఆ తర్వాత తెలుగు వచ్చిందనుకోండి. కాని మానుకోట ముసలమ్మ మాట్లాడే తెలుగు అందులో ఉందా? చాలాకాలం మా మాట తెరమీద వినబడితే అది పనిమనిషి నోటనో, నవ్వించేవాడి నోటనో! వార్తల్లో ఆ మాట లేదు, సలహాల్లో లేదు, కన్నీళ్ళు పెట్టించే నాయిక నోట అసలే లేదు. నా మొదటి కథలో సంభాషణలు ఇంట్లో మాట్లాడుకునే తీరున రాస్తే, "హాస్యకథా?" అని ఒక ఎడిటరుగారు అడిగారు. ఆయన్ను మాత్రం ఏమనగలను? ఆయనా టీవీ చూసినవాడే!

ఇక సీరియళ్ళ సంగతి. పెద్దమనుషులకు బాగా మండేది ఇక్కడే గదా. 1984 జూలైలో దూరదర్శన్ 'హమ్ లోగ్' మొదలుపెట్టింది. దాని వెనక ఉద్దేశం మంచిదే. కథలో కుటుంబ నియంత్రణా, ఆడవాళ్ళ గౌరవమూ కలిపి చెప్పాలని మెక్సికోలో చూసివచ్చి మొదలుపెట్టారు. పాఠం ఎక్కువై జనం చూడటం లేదని తెలిసేసరికి పాఠం తగ్గించి కథ పెంచారు. ఖర్చు పెట్టుకున్నది రెండు నిమిషాల నూడుల్స్ కంపెనీ. 156 భాగాలు నడిచింది. చూసినవాళ్ళు రాసిన ఉత్తరాలు నాలుగు లక్షల పైమాటేనట. నూడుల్స్ కూడా బాగానే అమ్ముడయ్యాయి. దాంతో కంపెనీలకు దారి తెలిసిపోయింది. తాళం ఢిల్లీవాళ్ళ జేబులోంచి సబ్బులవాళ్ళ జేబులోకి మారింది.

ఎవరూ హెచ్చరించలేదా అంటే, హెచ్చరించారు. దూరదర్శన్ ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వమే 1982లో పి.సి. జోషీగారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. 1984లో నివేదిక ఇచ్చారు. ఆడవాళ్ళ సంగతి కేవలం మహిళల కార్యక్రమంలో మూలకు నెట్టవద్దు, ప్రతి కార్యక్రమంలోనూ ఆ దృష్టి ఉండాలి అని అందులో రాశారు. నలభై ఏళ్ళు దాటింది! నివేదిక బీరువాలోకి పోయింది. ఆ బీరువా తాళం కూడా అమ్మ కొంగున లేదు లెండి.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. రోజువారీ సీరియళ్ళు వరదలయ్యాయి. వాటిలో చాలావాటిని నేనూ భరించలేను. పట్టుచీర కట్టుకుని నిద్రలేచే కోడళ్ళు, మెట్లమీద నిలబడి మూడుసార్లు తల తిప్పే అత్తలు. అవి బాగున్నాయని నేను వాదించబోవడం లేదు. "ఆడవాళ్ళు కోరుకుంటున్నారు గనక తీస్తున్నాం" అంటారే, ఆ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరిని లెక్కపెట్టి చెప్పారయ్యా? ఎవరు ఏం చూస్తున్నారో తేల్చే మీటర్లను చాలాకాలం ఎక్కువగా లక్ష జనాభా దాటిన పట్టణాల్లోనే పెట్టారు. పల్లెల లెక్క కలిసింది 2015లో. 2011 జనాభా లెక్కల్లో జనగామ గాని, మానుకోట గాని, భూపాలపల్లి గాని లక్ష దాటలేదు. మమ్మల్ని అడగనూ లేదు, లెక్కపెట్టనూ లేదు. నేరం మాత్రం మా పేరున రాశారు!

భూపాలపల్లి అంటే మా వదిన గుర్తొచ్చింది. సింగరేణి క్వార్టర్సులో ఉంటుంది. అన్నయ్య రాత్రి షిఫ్టుకు పోతే మళ్ళీ తెల్లారాకే. బాయిలోకి దిగిన మనిషి పైకి వచ్చేదాకా ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకు కంటిమీద కునుకు ఉండదు. ఒకసారి వాళ్ళింట్లో పడుకున్నాను. రాత్రి రెండు దాటింది. ముందుగదిలో టీవీ నడుస్తోంది, చప్పుడు బాగా తగ్గించి ఉంది. వదిన దాని ఎదురుగా చాపమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కళ్ళు చిక్కుళ్ళ మీదే ఉన్నాయి.

"చూడనప్పుడు బంద్ చెయ్యరాదా వదినా?" అన్నాను.

"చూసేటందుకు పెట్టిన్నా? ఇంట్ల ఎవరన్న మాట్లాడుతున్నట్టుంటదని పెట్టిన" అంది.

పగలు అన్నయ్య నిద్రపోతాడు. పిల్లలు హైదరాబాదులో హాస్టళ్ళలో ఉన్నారు. ఫోను చేస్తే "పనిలో ఉన్నా అమ్మా" అంటారు. ఆమెతో రోజుకు అరగంట ఓపికగా మాట్లాడే మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టండి. అప్పుడు సీరియల్ ఎందుకు చూస్తున్నావని ఆమెను నిలదీయడానికి నేనూ మీవెంట వస్తాను.

అవకాశం ఇస్తే ఆడవాళ్ళు ఏం చేస్తారన్నది తెలియని సంగతేమీ కాదు. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, బడి మొహం సరిగ్గా చూడనివాళ్ళు, కెమెరాలు పట్టి తమ పంటల మీద సినిమాలు తీశారు. 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. తమ యాసలో, తమ పాటలతో, తమ విత్తనాల గురించి. "రైతు సోదరులారా" అని పిలిపించుకోవలసిన అవసరం వాళ్ళకు లేకపోయింది. మరి పెద్ద భవనాలూ పెద్ద జీతాలూ ఉన్నవాళ్ళకు ఈ ఆలోచన ఎందుకు రాలేదంటారు?

2027 అక్టోబరు 23కు హైదరాబాదు కేంద్రానికి యాభై ఏళ్ళు. సభలు జరుగుతాయి. ప్రారంభించినవారినీ, పాడినవారినీ, చదివినవారినీ తలుచుకుంటారు. తలుచుకోవలసిందే, వాళ్ళు కష్టపడ్డారు. కాని అవతల ఎనభై, రెండువందల కిలోమీటర్ల దూరాన వంటింటి గడపలో నిలబడి చూసినవాళ్ళ మాట ఎవరు రాసుకుంటారు? రాష్ట్రం విడిపోయాక, 2014లో, హైదరాబాదు ఛానెలుకు యాదగిరి అని పేరు పెట్టారు. యాదగిరిగుట్ట మా జనగామకు రైలులో కూతవేటు దూరం. ఆ చనువుతోనే అడుగుతున్నాను. ఒక కెమెరా తీసుకుని రండి. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో అరవై దాటిన ఆడవాళ్ళ ముందు కూర్చుని, "అమ్మా, ఆ రోజుల్లో మీరేం చూశారు? ఏం చూడనివ్వలేదు?" అని అడగండి. వాళ్ళ మాటను సరిదిద్దకుండా అలాగే వెయ్యండి. ఆలస్యం చేస్తే అడగడానికి వాళ్ళుండరు. పిన్నమ్మ అత్తగారు ఎప్పుడో వెళ్ళిపోయింది.

గృహప్రవేశంలో ఆ మేష్టారు వెళ్ళేటప్పుడు నన్ను పలకరించి, "నువ్వు నవలలు రాస్తావటగా అమ్మా? సీరియల్‌గా తీస్తే చెప్పు, మా ఇంట్లో చూస్తాం" అన్నారు. మా ఇంట్లో అంటే ఎవరో నేను అడగలేదు.

2020 మార్చిలో దేశమంతా తలుపులు వేసుకున్నప్పుడు దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసింది. నేను జనగామలోనే చిక్కుపడిపోయాను. నాయన లేడు. వీధిలో వాళ్ళు రావడానికి లేదు. చెప్పుల గుట్ట లేదు. అమ్మ తొమ్మిదింటికల్లా స్నానం ముగించి, వంట పక్కనబెట్టి, కుర్చీ తెచ్చుకుని టీవీకి సరిగ్గా ఎదురుగా వేసుకుంది. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని చెబుదామని నేను వచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"పొంగనియ్యి" అంది అమ్మ. "జర పక్కకు జరుగు బిడ్డా, కనవడ్తలేదు."